లాగిన్ తెర రాకుండా పోతే

చిరంజీవికి ఆశీస్సులు.

ఉబుంటులో కేడీఈ అనే డెస్క్‌టాప్‌ను (కిటికీలు, మెనూలు చూపే భాగాన్ని) తొలగించిన తరువాత కంప్యూటరు నల్లని తెర దగ్గరే ఆగిపోతోందనీ, ఉబుంటును మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయాలనుకుంటున్నాననీ రాశావు. ఆ తొందర వద్దు. ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్ మూటలను, పెట్టే, తీసివేసే ఆప్ట్ (apt) అనే ఆదేశం నీ సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీ జోలికి పోదు గనుక నీ ఫైళ్లు అక్కడే ఉంటాయి.

డెస్క్‌టాప్ వేరు, లాగిన్ తెరను చూపే డిస్‌ప్లే మేనేజర్ వేరు. ఉబుంటులో మామూలుగా ఉండే గ్నోమ్ డెస్క్‌టాప్‌తో జీడీఎం3 (gdm3) అనే డిస్‌ప్లే మేనేజర్ వస్తుంది, కేడీఈతో సాధారణంగా ఎస్‌డీడీఎం అనేది వస్తుంది. రెండూ ఉన్నప్పుడు ఏది డిఫాల్టుగా ఉండాలని ఇన్‌స్టాలేషన్ సమయంలో ఒక ప్రశ్న అడుగుతుంది. ఆనాడు నువ్వు ఎస్‌డీడీఎంను ఎంచుకుని ఉంటే, ఇప్పుడు కేడీఈతోపాటు అదీ పోయాక, జీడీఎం3 డిస్కులో ఉన్నా దాన్ని మొదలుపెట్టమని చెప్పే అమరిక లేకుండా పోయి ఉండవచ్చు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే అక్షరాల కన్సోల్ వస్తుంది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెరమీద ఏమీ కనబడదు, అది మామూలే. కన్సోల్ కూడా రాకపోతే కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోని రికవరీ మోడ్ ద్వారా వెళ్లు. లోపలికి వెళ్లాక ముందుగా ఆప్ట్ చేసిన పనులు నమోదయ్యే హిస్టరీ లాగ్ ఫైలును (/var/log/apt/history.log) తెరిచి చివరి భాగం చదువు. ఏ రోజు ఏ ప్యాకేజీ పోయిందో పేర్లతో సహా అందులో ఉంటుంది, కాబట్టి ఊహించవలసిన పని లేదు. జీడీఎం3 పోయి ఉంటే దాన్ని, గ్నోమ్ కూడా పోయి ఉంటే ఉబుంటు-డెస్క్‌టాప్ ప్యాకేజీని తిరిగి పెట్టుకో. ప్యాకేజీ ఉండి కూడా తెర రాకపోతే, సుడోతో, అంటే నిర్వాహకుడి అధికారంతో, డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఆదేశాన్ని జీడీఎం3 మీద నడిపి (sudo dpkg-reconfigure gdm3), దాన్నే డిఫాల్టుగా ఎంచుకుని రీబూట్ చెయ్యి.

ఒక చిక్కు ఉంది: వైఫై పాస్‌వర్డును కేడీఈ తన వాలెట్‌లో దాచి ఉంటే కన్సోల్‌లో నెట్ రాదు. అప్పుడు కన్సోల్‌లోనే నెట్ అమర్చే ఎన్‌ఎంటీయూఐ (nmtui) అనే ఆదేశం నడిపి పాస్‌వర్డును మళ్లీ ఇవ్వాలి, లేదా కేబుల్ తగిలించాలి.

లాగిన్ తెర వచ్చి, పాస్‌వర్డ్ ఇవ్వగానే మళ్లీ అదే తెరకు తిరిగి వస్తుంటే, మూలనున్న పళ్ల చక్రం గుర్తు నొక్కి కేడీఈ సెషన్ అయిన ప్లాస్మా బదులు ఉబుంటు సెషన్‌ను ఎంచుకుని చూడు.

ఇకముందు ఏ డెస్క్‌టాప్‌ను తీయాలన్నా, మిగిలేదాని డిస్‌ప్లే మేనేజర్‌ను ముందే డిఫాల్టు చేసి, ఒకసారి దానితో లాగిన్ అయి చూసుకో. ప్యాకేజీ పేరు చివర నక్షత్రం గుర్తు పెట్టి గంపగుత్తగా తీసివేయడం నాకెప్పుడూ నచ్చదు. ఆప్ట్‌కు సిమ్యులేట్ (--simulate) అని చేరిస్తే ఏమీ తొలగించకుండానే, ఏవేవి పోతాయో జాబితా చూపుతుంది. అందులోగాని, ఇక అవసరం లేని ప్యాకేజీలను తీసే ఆటోరిమూవ్ చూపే జాబితాలోగాని జీడీఎం3 లేదా నెట్‌వర్క్-మేనేజర్ కనిపిస్తే అక్కడే ఆగి నాకు రాయి.