ఆ గుమాస్తాకి ఒక పేరు పెట్టు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పెన్షన్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే ఆ ముసలామె, సంచీలోని కాగితాలను ఊరికే సర్దుకుంటూ ఉండటం, అన్నీ కళ్ళకు కట్టాయి. నీకు చూపుంది. గొప్ప రచయిత కావాలంటే ఏం చెయ్యాలని ఉత్తరం చివర అడిగావు. భాష, శిల్పం రాస్తూ పోతే వాటంతట అవే వస్తాయి. నాకు ఆమెను కసురుకునే ఆ ఆఫీసు గుమాస్తా గురించి మాట్లాడాలనుంది.

అతనికి నువ్వు పేరు పెట్టలేదు. కసురుకోవడానికి ఒక నోరు ఇచ్చావు, అంతే. ముసలామె మీద నీకున్న ప్రేమంతా అతన్ని తిట్టడానికే సరిపోయింది. మనకు నచ్చిన మనిషి మీద దయ చూపించడం ఎవరికైనా వస్తుంది. గిట్టనివాడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఇతను ఎవరికి భయపడుతున్నాడు, ఇంటికెళ్ళాక ఎలా ఉంటాడు అని ఆలోచించడమే కష్టం. అతని తప్పు మాఫీ చెయ్యమని అనడం లేదు. కసిరిన మాట కసిరినట్టే ఉండనీ. అతను కూడా మనిషేనని తెలిస్తే ఆ అన్యాయం ఇంకా భయపెడుతుంది. చదివేవాడు ఆ కుర్చీలో తనను చూసుకుంటాడు.

రష్యన్ కథా రచయిత చెహోవ్ సంగతి నీకు తెలియాలి, ఆయన డాక్టరు కూడా. 1888లోనే పుష్కిన్ బహుమతి వచ్చింది, పేరూ వచ్చింది. అయినా 1890లో, అప్పటికే రక్తం కక్కే జబ్బుతో, సైబీరియా దాటి ఖైదీలుండే సఖాలిన్ దీవికి వెళ్ళాడు. అక్కడ సుమారు 3 నెలలు ఇంటింటికీ తిరిగి పేరేమిటి, వయసెంత, ఎక్కడ పుట్టావు, చదువొచ్చా అని అడుగుతూ దాదాపు 10,000 కార్డులు నింపాడు. ఎవరికీ పట్టని మనుషుల్ని ఒక్కొక్కరినీ పేరు అడిగి రాసుకోవడం! ఆయన కథల కంటే నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. 1892లో కలరా భయం వచ్చినప్పుడు జీతం లేకుండా 25 పల్లెల వైద్యం చూసుకున్నాడు. అదే ఏడాది ఒక రచయిత్రికి ఉత్తరం రాస్తూ, దీనుల గురించి రాసేటప్పుడు కాస్త చల్లగా ఉండమన్నాడు. అంత చేసిన మనిషి చెప్పాడు కాబట్టే ఆ మాటకు విలువ. కన్నీళ్ళు కాగితం మీద రచయిత కార్చేస్తే పాఠకుడికి ఏమీ మిగలదు. నువ్వు ముసలామె వచ్చినప్పుడల్లా "పాపం" అంటున్నావు. అవన్నీ కొట్టెయ్.

ప్రతిభ ఉన్నవాళ్ళను చాలామందిని చూశాను. తమకంటే కింద ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు గొంతు మారిపోయేవాళ్ళ మీద, ఎంత బాగా రాసినా, నాకు గౌరవం నిలవలేదు. ఆ గొంతు వాళ్ళ కథల్లోకి కూడా వస్తుంది. నౌకరు, వాచ్‌మన్, తలుపు తీయడానికి మాత్రమే వచ్చే పాత్ర, వీళ్ళ దగ్గర పట్టుబడిపోతారు. నేను కొత్త రచయితను చదివేటప్పుడు ముందు ఆ చిన్న పాత్రలనే చూస్తాను.

కాబట్టి తొందరపడి కొత్త కథ మొదలుపెట్టకు. ఆ గుమాస్తాకి ఒక పేరు పెట్టు. అతను దాచుకున్న భయం ఏదో ఒకటి కనుక్కో. అది కథలో రాకపోయినా ఫర్వాలేదు, నీకు తెలిసుంటే చాలు. తర్వాత ఆ రెండో పేజీ మళ్ళీ రాసి పంపు, చదువుతాను.

ప్రేమతో,
అన్నయ్య