సర్కారు తుమ్మకు, జమ్మికి చుట్టరికం తెగినట్టేనా?

పోయిన నెల తుమ్మ చెట్ల గురించి నాలుగు ముక్కలు రాశాం. అందులో ఒకచోట కొత్త శాస్త్రీయ నామం వాడేసరికి ఉత్తరాలు, మెసేజ్‌లు వరుస కట్టాయి. ఈసారి శీర్షిక అంతా వాటికే ఇచ్చేస్తున్నాం. ఎరువులు, చీడల ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమనుకోకండి, మీ వంతు వచ్చే నెల.

ప్రశ్న: మా ఊరి చెరువు శిఖమంతా సర్కారు తుమ్మే. మేం డిగ్రీ చదివే రోజుల్లో దాన్ని ప్రోసోపిస్ జూలిఫ్లోరా అనేవాళ్ళం. మా మనవడు ప్రాజెక్టు కోసం నెట్‌లో చూస్తే నెల్ట్యూమా జూలిఫ్లోరా అని వస్తోంది. జమ్మి కూడా ప్రోసోపిసే కదా, మరి దాని పేరు కూడా మారిందా? మన రాష్ట్ర వృక్షం కాబట్టి అడుగుతున్నాను.
– రిటైర్డ్ టీచర్, నర్సంపేట

జవాబు: జమ్మి పేరు మారలేదు మాస్టారూ. అది ఇప్పటికీ ప్రోసోపిస్ సినరేరియానే. పేరు పోయింది సర్కారు తుమ్మకే. 2022లో కొలిన్ హ్యూజ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్ళు కలిసి ప్రోసోపిస్ ప్రజాతిని (దగ్గరి జాతులన్నిటికీ కలిపి ఉండే ఇంటిపేరు లాంటిది, ఇంగ్లీషులో జీనస్) నాలుగు ముక్కలు చేశారు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన సర్కారు తుమ్మ, దాని దగ్గరి బంధువులు మొత్తం నలభైకి పైగా జాతులు నెల్ట్యూమాలోకి వెళ్ళాయి. ఆ ఖండాలవే ఇంకో పది దాకా స్ట్రాంబోకార్పాలోకి పోయాయి. ఆఫ్రికా చెట్టు ఒక్కటి విడిగా అనోనికియం అయింది. చివరికి ప్రోసోపిస్ అనే పేరు కింద మిగిలినవి మూడే జాతులు, అందులో మన జమ్మి ఒకటి.

అన్ని జాతులున్న అమెరికా గుంపుకు పేరు వదిలేసి, మూడు జాతుల గుంపు పేరు మార్చొచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. కుదరదు. ఏ ప్రజాతికైనా ఆ పేరు మొదట ఏ మొక్కను చూసి పెట్టారో, పేరు దానికే కట్టుబడి ఉంటుంది. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ 1767లో ప్రోసోపిస్ అని పేరు పెట్టింది మన దేశపు జమ్మిని చూసి. అందుకే ఇల్లు పంచుకున్నప్పుడు పేరు జమ్మి వాటాకే వచ్చింది. నెల్ట్యూమా కూడా ఇప్పుడు కొత్తగా పుట్టించింది కాదు. 1838లో రఫినెస్క్ అనే ఆయన పెడితే ఎవరూ పట్టించుకోకుండా మూలన పడేసిన పేరు, దుమ్ము దులిపి బయటికి తీశారు.

అసలు ఎందుకు విడగొట్టారంటే, కణ కేంద్రకంలోని 997 జన్యువులు పోల్చి చూస్తే ఈ గుంపులు ఒక తల్లి పిల్లలు కాదని తేలింది. జమ్మికి దగ్గరి చుట్టం సర్కారు తుమ్మ కాదు, ఉత్తర భారతంలో, నేపాల్‌లో పెరిగే ఇండోపిప్టడేనియా అనే చెట్టు. జన్యువుల దాకా ఎందుకు, ఈసారి దసరాకు జమ్మి ఆకు తెంపేటప్పుడు కొమ్మను కాస్త దగ్గరగా పెట్టి చూడండి. జమ్మి ముళ్ళు పొట్టిగా, మొదట్లో వెడల్పుగా ఉంటాయి, ఆకు పుట్టే కణుపు దగ్గర కాకుండా కణుపుకీ కణుపుకీ మధ్య ఇక్కడొకటి అక్కడొకటి చెదురుగా కనిపిస్తాయి. సర్కారు తుమ్మ కొమ్మ చూస్తే ముల్లు సరిగ్గా కణుపు దగ్గరే, ఎక్కువగా జంటగా, పొడవుగా సూటిగా పొడుచుకొస్తుంది, చెప్పులోంచి దిగేది అదే. కాయ కూడా తేడానే. జమ్మి కాయ సన్నగా గొట్టంలా వేలాడుతుంది, సర్కారు తుమ్మది పసుపు రంగులో కాస్త బల్లపరుపుగా ఉంటుంది. మేకలు దాన్ని తిని పెంటికల్లో గింజలు ఊరంతా చల్లడం మాత్రం పేరు మారినా ఆగదు. శిఖం ఖాళీ చేయించాలంటే సర్పంచ్‌ను పట్టుకోవాల్సిందే, బోటనీ వాళ్ళ చేతిలో ఏం లేదు.

ప్రశ్న: ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నా సార్. నల్ల తుమ్మకు ఒక పుస్తకంలో అకేసియా నైలోటికా అని, ఇంకో దాంట్లో వాచెల్లియా నైలోటికా అని ఉంది. ఏది రాయాలో తెలియక టెన్షన్ పడుతున్నా.
– కోచింగ్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: టెన్షన్ వద్దు తమ్ముడూ, రెండూ ఒకే చెట్టు పేర్లు, ఒకే ప్రశ్నకు ఆప్షన్లలో రెండూ కలిపి ఇవ్వడం జరగదు. ఏది ఉంటే అది పెట్టు. రాత పరీక్ష అయితే వాచెల్లియా అని రాసి, పూర్వనామం అకేసియా అని పక్కన పెట్టు, ఎవరూ మార్కు కోయరు.

కానీ ఈ మార్పు వెనక పెద్ద పంచాయితీయే నడిచింది, తెలుసుకుంటే పేరు మళ్ళీ మర్చిపోవు. అకేసియా పేరు పుట్టింది మన నల్ల తుమ్మను చూసే. జమ్మికి చెప్పిన సూత్రం ప్రకారమైతే పేరు నల్ల తుమ్మకే ఉండాలి. ప్రజాతిని విడగొట్టాల్సి వచ్చినప్పుడు ఆస్ట్రేలియా వాళ్ళు అడ్డం తిరిగారు. ఈ గుంపులో వెయ్యి దాకా జాతులు మావే, మీ ఆసియా ఆఫ్రికా చెట్లు కొన్నే, పేరు మీకిస్తే మేం వెయ్యి పేర్లు మార్చుకోవాలి అని వాళ్ళ వాదన. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో ఓటింగ్ పెట్టారు. ఓటేసిన వాళ్ళలో సగానికి పైగా ఆస్ట్రేలియాకు పేరివ్వొద్దనే అన్నారు, అయినా పేరు ఆస్ట్రేలియాకే ఇవ్వాలన్న కమిటీ సిఫార్సును కొట్టేయాలంటే 60 శాతం కావాలి, అంత రాలేదు. అంటే తక్కువ ఓట్లొచ్చిన పక్షమే గెలిచింది! ఆఫ్రికా వాళ్ళు, మనవాళ్ళు కొందరు గట్టిగా గొడవ చేశారు కానీ 2011లో మెల్‌బోర్న్ మహాసభ ఆ నిర్ణయాన్నే ఖాయం చేసింది. నన్నడిగితే అన్యాయమే, వాళ్ళ వాదనలో లెక్క ఉందని ఒప్పుకుంటూనే చెప్తున్నా.

దాని ఫలితం ఏమిటంటే, నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ వాచెల్లియా అయ్యాయి. కాచు తీసే చండ్ర సెనెగాలియా కాటెచు అయింది, శీకాయ కూడా సెనెగాలియాలోకే పోయింది. కాలేజీ క్యాంపస్‌లలో, రోడ్ల పక్కన కొడవలి లాంటి ఆకులతో కనిపించే అకేసియా ఆరిక్యులిఫార్మిస్ ఆస్ట్రేలియా నుంచి వచ్చినదే కాబట్టి దానికి మాత్రం పాత పేరు చెక్కుచెదరలేదు. పరదేశి చెట్టుకు పేరు మిగిలింది, ఊరి చెట్టుకు పోయింది.

ప్రశ్న: మా ప్రాక్టికల్స్‌లో బెంథామ్, హుకర్ వర్గీకరణ ప్రకారం కుటుంబాలు చెప్పిస్తారు. యూట్యూబ్‌లో ఏపీజీ అంటున్నారు. తామర, కలువ ఒకే కుటుంబం కాదట. నిజంగానా?
– బీఎస్సీ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: నిజంగానేనమ్మా. బెంథామ్, హుకర్ల గ్రంథం 1862 నుంచి 1883 దాకా వచ్చింది. పూవు, కాయ, ఆకు చూసి చేసిన పని అది, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) షీట్లు సర్దడానికి ఇప్పటికీ పనికొస్తుంది. 1993లో దాదాపు 500 జాతుల నుంచి హరితరేణువులోని ఒకే జన్యువును తీసి పోల్చిన పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది. అక్కడి నుంచి లెక్కలు తారుమారయ్యాయి. 1998లో ఏపీజీ (యాంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్, జన్యువుల చుట్టరికం చూసి పూల మొక్కల్ని సర్దే శాస్త్రజ్ఞుల బృందం) మొదటి వర్గీకరణ, 2016లో నాలుగోది వచ్చాయి. నాలుగో దాంట్లో పూల మొక్కల కుటుంబాలు 416.

తామర, కలువ రెండూ నీళ్ళలో ఉంటాయి, పూలు పెద్దవి, అందుకని వెనకటికి ఒకే కుటుంబంలో వేశారు. కలువ పూల మొక్కల్లో బాగా పాత శాఖకు చెందింది. తామర మాత్రం ఎక్కడో చినార్ చెట్టుకు, దక్షిణాఫ్రికా ప్రోటియాలకు దగ్గరి చుట్టం. చెరువు గట్టు మీద నిలబడే తేడా పట్టొచ్చు. కలువ ఆకు నీటి మీద పరుచుకుని, తొడిమ దాకా ఒక చీలిక ఉంటుంది. తామర ఆకుకు చీలిక ఉండదు, తొడిమ సరిగ్గా నడి మధ్యన తగులుకుని ఆకు నీటి పైకి లేస్తుంది.

ఇలాంటివే ఇంకొన్ని: టేకు, వావిలి, గుమ్మడి టేకు ముందు వెర్బినేసి కుటుంబం, ఇప్పుడవి తులసి కుటుంబంలోకి వచ్చాయి. జిల్లేడుకు వేరే కుటుంబం ఉండేది, దాన్ని ఎత్తేసి గన్నేరు కుటుంబంలో కలిపారు. మీరు మూడు ఉపకుటుంబాలుగా బట్టీ పట్టిన చిక్కుడు కుటుంబం 2017 నుంచి ఆరు ఉపకుటుంబాలు, తుమ్మ, జమ్మి వెళ్ళి తంగేడున్న సిసాల్పినాయిడేలో కలిశాయి. వరంగల్ అర్బన్ 2021లో హన్మకొండ జిల్లా అయినప్పుడు మీ ఇల్లు కదల్లేదు, ఆధార్‌లో అడ్రస్ మారింది, అంతే. రికార్డుకు మీ సిలబస్ ప్రకారమే రాయండి. పీజీ ఎంట్రెన్స్‌కు మాత్రం ఏపీజీ చదవండి.

ప్రశ్న: బతుకమ్మలో పెట్టే పూలలో వేటి పేర్లన్నా మారినయా? పాప స్కూల్లో చార్ట్ చేయమన్నరు.
– గృహిణి, సిరిసిల్ల

జవాబు: చార్ట్‌కు పనికొచ్చేంత మసాలా ఉందమ్మా. తంగేడును చాలా పుస్తకాలు కేసియా ఆరిక్యులేటా అంటాయి, సరైనది సెన్నా ఆరిక్యులేటా. 1982లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞులు ఇర్విన్, బార్నెబీ కేసియాను మూడుగా విడగొట్టాక సెన్నా స్థిరపడింది. రేల మాత్రం కేసియా ఫిస్టులాగానే ఉండిపోయింది. పాపతో ఒక రేల పువ్వు, ఒక తంగేడు పువ్వు పక్కపక్కన పెట్టించండి. రేలలో మూడు కేసరాలు బాగా పొడుగ్గా బయటికొచ్చి పాము మెలిక తిరిగినట్టు రెండు వంపులు తిరిగి ఉంటాయి, తంగేడులో కేసరాల కాడలకు ఆ మెలిక ఉండదు. రెండు ప్రజాతుల్ని వేరు చేసేది ముఖ్యంగా ఆ వంపే. ఎండాకాలం దాకా రేల పూయదు కాబట్టి అప్పటిదాకా ఫొటోతో సరిపెట్టుకోండి.

గునుగు, పట్టుకుచ్చు రెండు వేరు వేరు అనుకుంటాం, పాత పుస్తకాల్లోనూ సెలోషియా అర్జెన్షియా, సెలోషియా క్రిస్టేటా అని విడివిడిగానే ఉన్నాయి. ఇప్పుడు రెండూ ఒకే జాతి కింద లెక్క, పట్టుకుచ్చు పెంపకంలో వచ్చిన రూపం. ఇక చామంతి పేరును మధ్యలో డెండ్రాంథిమా అని మార్చారు, పూల వ్యాపారులు, తోటల వాళ్ళు ఒప్పుకోక రచ్చ చేస్తే 1999లో మళ్ళీ క్రిసాంథిమమ్ పేరే తిరిగిచ్చారు.

ప్రశ్న: ఏటూరునాగారం వైపు అడవిలో ఒక తీగ చూశాను, ఏ యాప్ కూడా పేరు చెప్పలేదు. కొత్త మొక్క అయితే నా పేరు పెట్టుకోవచ్చా?
– యువకుడు, ములుగు

జవాబు: యాప్ పేరు చెప్పలేదంటే ఎక్కువసార్లు ఫొటో సరిగ్గా లేదని అర్థం. అయినా ఊరికే కొట్టిపారేయను. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 2,000 కొత్త మొక్కల జాతులకు పేర్లు పెడుతున్నారు. కొన్ని అడవిలో కాదు, బీరువాలో దొరుకుతాయి. విక్టోరియా బొలీవియానా అనే రాక్షస కలువ ఉంది, ఆకు మూడు మీటర్లు దాటుతుంది. లండన్‌లోని క్యూ హెర్బేరియంలో దాని ఎండు నమూనా 177 ఏళ్ళు ఉంది, ఇంకో జాతి అనుకుని వదిలేశారు, 2022లో గానీ అది వేరే జాతి అని తేల్చి పేరు పెట్టలేదు. అంత పెద్ద ఆకునే గుర్తుపట్టలేదంటే మీ తీగ మీద ఆశ పెట్టుకోవచ్చు.

ముందు పూలు, కాయలు, ఆకు వెనక వైపు, కణుపు అన్నీ విడివిడిగా ఫొటోలు తీయండి. చోటు, తేదీ, పువ్వు రంగు అక్కడికక్కడే రాసుకోండి, ఎండాక రంగు ఉండదు. అది అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా తుంచొద్దు, కేసవుతుంది. ఆ ఫొటోలు కాకతీయ యూనివర్సిటీ బోటనీ విభాగంలో గానీ, హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రంలో గానీ చూపించండి. కొత్తదే అని తేలితే ఎండబెట్టిన నమూనా ఒకటి హెర్బేరియంలో భద్రపరిచి, వర్ణన రాసి ప్రచురించాలి. ఆ వర్ణన 2011 దాకా లాటిన్‌లోనే ఉండాలనేవారు, 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవడాన్ని నియమం ఆపదు గానీ ఈ రంగంలో నవ్వుతారు. వర్ణన రాసే శాస్త్రజ్ఞులు మొదట చూసినవాళ్ళ పేరు పెట్టడం మాత్రం మామూలే.

ప్రశ్న: మొక్కల పేర్లలో జాతి దూషణ మాటలున్నాయని తీసేశారట?
– నిజామాబాద్ పాఠకుడు

జవాబు: అవును. నల్లజాతి ఆఫ్రికన్లను తిట్టే మాటతో వచ్చిన ‘కాఫ్రా’ అనే పేరును ‘ఆఫ్రా’గా మార్చాలని 2024 జులైలో మాడ్రిడ్ మహాసభలో ఓటేశారు. మొక్కలు, శైవలాలు, శిలీంధ్రాలు కలిపి 200కి పైగా పేర్లు ఒక్క దెబ్బతో మారాయి. అందులో ఒకటి మన బాడిద చెట్టుకు చుట్టమైన ఎరిత్రైనా ఆఫ్రా. అక్షరం ఒకటే పోయింది కాబట్టి వెతుక్కోవడం కూడా కష్టం కాదు, ఇది తొందరగా చేయాల్సిన పనే.

ప్రశ్న: చిన్న నర్సరీ పెట్టుకున్నా. బోర్డుల మీద ఏ పేరు రాయమంటారు? స్నేక్ ప్లాంట్‌కు శాన్సెవీరియా అని రాస్తే ఒక కస్టమర్ తప్పన్నాడు.
– జనగామ

జవాబు: ఆయన చెప్పింది కరెక్టే, 2017 నుంచి అది డ్రసీనా ట్రైఫేసియాటా. అలాగని బోర్డులన్నీ పీకి మళ్ళీ రాయించకండి, అందరూ అడిగేది స్నేక్ ప్లాంట్ అనే కదా. తెలుగు పేరు పెద్దక్షరాల్లో, కింద కొత్త శాస్త్రీయ నామం, దాని కింద చిన్నగా పాత పేరు వేయించండి. టమాటా నారు దగ్గర మాత్రం సొలానమ్ లైకోపెర్సికమ్ అని ఒక్కటి రాస్తే చాలు, అది 1753లో లిన్నేయస్ పెట్టిన పేరే, మధ్యలో లైకోపెర్సికాన్ అని వేరు చేసి మళ్ళీ మొదటికే తెచ్చారు. సజ్జకు సెంక్రస్ అమెరికానస్ అనే కొత్త పేరుంది గానీ వ్యవసాయం వాళ్ళలో చాలామంది ఇంకా పెన్నిసీటమ్ అనే అంటున్నారు, విత్తనాల సంచి మీద అది కనిపిస్తే కంగారు పడి వాపస్ పంపకండి.