నాన్న రిపోర్టులో పీఎస్ఏ 5.8, ఆయనకింకా చెప్పలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అనంతపురం నుంచి వచ్చిన మా నాన్నకు షుగరూ కొలెస్ట్రాలూ చూద్దామని, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ప్యాకేజీ ఒకటి చేయించాను. అందులో పీఎస్ఏ 5.8 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఆయనకు 66 ఏళ్లు. రాత్రిళ్లు మూడు నాలుగు సార్లు లేస్తారు, ప్రోస్టేట్ వాపుకని ఊళ్లో రాసిచ్చిన మాత్ర ఏడాదిగా వేసుకుంటున్నారు. రక్తం తీయడానికి వారం ముందు మూత్రంలో మంటంటే యాంటీబయాటిక్స్ కూడా వాడాం. నాన్నకింకా చెప్పలేదు, నాకేమో నిద్ర పట్టడం లేదు. వెంటనే బయాప్సీకి తీసుకెళ్లాలా? నాకు 38, ఆఫీసు ప్యాకేజీలో ఈ టెస్టు ఫ్రీగా ఉంది, నేనూ చేయించుకోనా?

జవాబు: బయాప్సీ మాట ఇప్పుడే వద్దు. ముందు ఆ 5.8ని నమ్మొచ్చో లేదో చూద్దాం, ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టి ఒకటి దాన్ని పైకి లాగి ఉండొచ్చు, ఇంకొకటి కిందికి నొక్కి ఉండొచ్చు.

పైకి లాగేది ఆ మంట. పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీను, క్యాన్సర్ ఉంటేనే పెరగాలని లేదు. వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తే బాగా పెరిగి, మంట తగ్గాక కూడా కొన్ని వారాలు దిగిరాదు. అలాంటప్పుడు చేసిన టెస్టు, వంద మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషికి బీపీ చూసినట్టే. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, అదే ల్యాబులో మళ్లీ చేయించండి. దానికి రెండు రోజుల ముందు నుంచి సైకిల్ తొక్కొద్దు, శృంగారం వద్దు (ఇది మీరు చెప్పలేకపోతే డాక్టరుతో చెప్పించండి).

కిందికి నొక్కేది ఆ మాత్ర కావచ్చు. మీరు పేరు రాయలేదు కాబట్టి ఈ పేజీ పక్కన పెట్టి స్ట్రిప్ వెనక చూడండి. టామ్సులోసిన్ ఒక్కటే ఉంటే ఫరవాలేదు. దాంతో పాటు డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఉంటే, ఏడాది వాడకంలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే కాగితం మీది 5.8ని 11, 12 దగ్గర అనుకుని చదవాలి. ల్యాబువాళ్లకు ఈ మాత్ర సంగతి తెలియదు, వాళ్లు 4 దాటిందని ఎర్ర రంగేస్తారంతే. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి, స్ట్రిప్ జేబులో పెట్టుకుని యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

మామూలుగా 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు బయాప్సీ చేస్తే నలుగురిలో ఒకరికి అటూఇటూగా క్యాన్సర్ కనిపిస్తుంది, 10 దాటితే సగం మందికి పైగా. డాక్టరు మలద్వారం గుండా వేలు పెట్టి గ్రంథిని కూడా చూస్తారు, అర నిమిషం పని, నాన్న మొహమాటపడితే ఆ మాటే చెప్పండి. రెండోసారీ ఎక్కువే వస్తే ఎమ్మారై. అందులో అనుమానానికి 1 నుంచి 5 దాకా మార్కులేస్తారు. 1, 2 వస్తే చాలామందికి బయాప్సీ అవసరమే పడదు, 4, 5 వస్తే సరిగ్గా ఆ మచ్చలోంచే ముక్క తీస్తారు. తీయాల్సి వస్తే మలద్వారం గుండా కాకుండా దాని ముందున్న చర్మం గుండా తీసే పద్ధతి ఉందేమో అడగండి, ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ.

ఒకవేళ క్యాన్సరే అని తేలినా మొదటి దశలో ఉంటే పరుగెత్తక్కర్లేదు. బ్రిటన్‌లో 1,643 మందిని పదిహేనేళ్లు గమనిస్తే ఆపరేషన్, రేడియేషన్, ఊరికే కనిపెట్టి చూడటం, ఏ గుంపులోనైనా ఆ జబ్బుతో పోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. మూత్రంలో రక్తం, వదలని నడుం నొప్పి, మూత్రం బిగిసిపోవడం, వీటిలో ఏదున్నా మాత్రం వారాలు ఆగొద్దు.

నాన్నకు ఈ రోజే చెప్పండి. నడుం నొప్పి ఉందో లేదో మీ ఫోనులో దొరకదు, ఆయన్నే అడగాలి. అసలు ఈ టెస్టు చేయించనా అని కూడా ముందే ఆయన్ని అడగాల్సింది. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లున్నాయి గానీ ప్రోస్టేట్ లేదు, ప్యాకేజీలవాళ్లు మాత్రం భోజనంలో అప్పడంలా పీఎస్ఏ పడేస్తున్నారు. యూరప్‌లో 23 ఏళ్లు చూశాక తేలిందేమంటే, 456 మందిని ఈ టెస్టుకు పిలిస్తే ఒక చావు తప్పింది. ఆ ఒక్కరి ఇంట్లో అది చిన్న సంగతి కాదు, మిగతావాళ్లలో మీలా నిద్ర పోగొట్టుకున్నవాళ్లూ తక్కువ కాదు.

మీ సంగతి నాన్న ఫలితాన్ని బట్టి ఉంటుంది. ఆయనకు క్యాన్సర్ అని తేలితే మీరు 45 నుంచి, లేదంటే 50 దగ్గర డాక్టరుతో మాట్లాడండి. ఆఫీసు ఫారంలో ఆ గడికి ఈ ఏడు టిక్కు పెట్టకండి.