రాయి మీద నా పేరు లేదు... బాధపడటం పాపమా?

ప్రశ్న: నాకు 43. భీమవరం దగ్గర పల్లె. అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళుగా మంచం మీదే ఉన్నారు, చేసేది నేనొక్కదాన్నే. పదహారేళ్ళుగా సండే స్కూల్ కూడా చెప్తున్నాను. మొన్న కొత్త మందిరం ప్రతిష్ఠ జరిగితే హైదరాబాద్‌లో ఉండే మరిది, తోటికోడలు లక్ష ఇచ్చారని నల్ల గ్రానైట్ రాయి మీద బంగారు అక్షరాలతో వాళ్ళ పేర్లు చెక్కించారు. నన్ను స్టేజీ మీదకి కూడా పిలవలేదు. ఏడిస్తే మావారు "నీ బహుమానం పరలోకంలో ఉందిలే, ఊరుకో" అన్నారు. నాలుగేళ్ళుగా చేసినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇలా రాసుకోవడం పాపమా? సండే స్కూల్ మానేద్దాం అనిపిస్తోంది.

జవాబు: సిస్టర్, వందనాలు. ముందు ఒక్క మాట, మీరు బాధపడటం పాపం కాదు. మంచంలో ఉన్న మనిషిని పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, డైపర్ మార్చి తుడిచి పౌడర్ రాయడం, జావ పొలమారకుండా తల ఎత్తిపట్టి చెంచాతో పొయ్యడం, అర్ధరాత్రి కూడా లేవడం... ఇంత చేసే మనిషికి ఇంట్లో ఒక మంచి మాట కూడా రాకపోతే మనసు విరగదా? విరుగుతుంది.

ఇక ఆ రాయి సంగతి. మత్తయి 6 లో యేసు ప్రభువు మనుషులు చూడాలని ధర్మం చేసేవాళ్ళ గురించి "వారు తమ ఫలము పొందియున్నారు" అంటాడు కదా, ఆ "పొందియున్నారు" అన్నచోట గ్రీకులో ఉన్న మాట ఆ రోజుల్లో డబ్బు పూర్తిగా ముట్టిందని రసీదుల మీద రాసే మాటే. అంటే లెక్క అక్కడితో సరి, ఇంక బాకీ ఏం లేదు అని. మీ తోటికోడలు అడిగి రాయించుకుందో, సంఘం పెద్దలే ఆవిడకి చెప్పకుండా చెక్కించారో మీకు తెలీదు, నాకు అసలే తెలీదు, కాబట్టి ఆవిడ లెక్క ఆవిడకి వదిలేయండి. మీ లెక్క మాత్రం ఇంకా తెరిచే ఉంది. "రహస్యమందు చూచు నీ తండ్రి" అని అదే అధ్యాయంలో ఉంది, మీ అత్తగారి గది కంటే రహస్యమైన చోటు మీ ఊళ్ళో ఏముంది చెప్పండి, అక్కడికి కెమెరా రాదు, మైకు రాదు. అందుకే ఆ రాయి మీద నా పేరు కూడా చెక్కండి అని మాత్రం పాస్టర్‌గారిని అడగొద్దు. చెక్కినా వారం రోజుల సంతోషమే.

కానీ మీవారన్న మాట నాకు అస్సలు నచ్చలేదు. పరలోక బహుమానం అనేది పనిచేసే మనిషికి ఓదార్పు, అంతేగాని పని తప్పించుకునే మనిషి అవతలివాళ్ళ నోరు మూయించడానికి వాడుకునే మాట కాదు. కొలొస్సయి 3 లో పౌలు దాసులతో ప్రభువే మీకు ప్రతిఫలం ఇస్తాడు, మనస్ఫూర్తిగా చెయ్యండి అని చెప్పి, 4:1 లో వెంటనే యజమానుల వైపు తిరిగి న్యాయమైనది చెయ్యండి, పరలోకంలో మీకూ ఒక యజమానుడున్నాడు అంటాడు. మనవాళ్ళు మొదటి మాట దగ్గరే బైబిల్ మూసేస్తారు. మార్కు 7 కూడా మీవారితో చదివించండి, దేవుడికి అర్పించేశాను అని చెప్పి అమ్మానాన్నలకి చెయ్యాల్సింది ఎగ్గొట్టే వాళ్ళని యేసు ఎంత గట్టిగా అడిగాడో. మీ అత్తగారు కన్నతల్లి మీవారికి, మీకు కాదు.

నోట్‌బుక్ గురించి. దేవుడికి చూపించడానికైతే అక్కర్లేదు సిస్టర్, హెబ్రీ 6:10 లో మీ ఉపచారాన్ని మరచుటకు దేవుడు అన్యాయస్థుడు కాడు అని ఉంది. రోజూ రాత్రి అది తెరిచి ఎవరెంత చేశారో లెక్కేసుకుంటూ కూర్చుంటే మాత్రం యేసు చెప్పిన కథలో ద్రాక్షతోటలో పొద్దున్నించీ పనిచేసి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకీ అదే కూలి ఇచ్చారని సాయంత్రం సణిగిన కూలీల్లాగా అయిపోతాం, చేసిన పని మంచిదే కానీ సంతోషం పోతుంది. అయితే చింపేయొద్దు. మీవారి ముందు, మరిది వచ్చినప్పుడు ఆయన ముందు కూడా పెట్టి చదవండి, ఏడవకుండా, దెప్పకుండా. పగటిపూట ఆయాని పెట్టుకుందాం, జీతం ఇద్దరన్నదమ్ములూ సగం సగం వేసుకోండి అని అడగండి. 2007 లో వచ్చిన సీనియర్ సిటిజన్ల చట్టం ప్రకారం కూడా తల్లి బాధ్యత పిల్లలందరిదీ, ఒక్కరిది కాదు. కేసు పెట్టమని కాదు నేననేది, అడగడానికి మీకు హక్కుందని చెప్తున్నా.

సండే స్కూల్ కోపంతో మానొద్దు. అలిసిపోతే మాత్రం పాస్టర్‌గారికి నిజం చెప్పి ఒక నెల సెలవు తీసుకోండి, అలసట వేరు, అలక వేరు, మీకున్నది ఏదో మీకే తెలుస్తుంది.

ఈ వారమే ఒక పని చెయ్యండి. రాత్రి రెండు గంటల అలారం మీ ఫోన్‌లో తీసేసి మీవారి ఫోన్‌లో పెట్టండి. వాళ్ళమ్మని ఎలా తిప్పాలో, వీపు కింద దిండు ఎక్కడ పెట్టాలో మొదటిరోజు పక్కనుండి చూపించండి, రెండోరోజు నుంచి మీరు పడుకోండి.