ఆవకాయ ఓడెక్కే ముందు: మా అమ్మడికి

అమ్మడూ,

నువ్వు ఎంబీఏలో ఇంటర్నేషనల్ మార్కెటింగ్ తీసుకున్నావనీ, ప్రాజెక్టుకి "అమెరికాలో ఆవకాయ" అని అప్పుడే పేరు కూడా పెట్టేశావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి సంబరం వింటే కంటైనరుకి సీలు పడి, ఓడెక్కడమే తరువాయి అనిపించింది. గర్వం నాకూ ఉంది, కాదనను. కానీ వాడు పంపిన మీ గ్రూపు స్లైడ్లు చూశాక నిద్ర పట్టలేదే తల్లీ. సగానికి పైగా లోగో, ఇన్‌స్టాగ్రామ్, జాడీ బొమ్మ. ధరకి ఒక్క స్లైడు. లేబుల్ సంగతి అసలే లేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. క్లాసులు ఎగ్గొట్టకు. ఎక్సెల్ నేర్చుకో. ఎగుమతి, లైసెన్సు, ఫ్రాంచైజీ, జాయింట్ వెంచరు, సొంత కంపెనీ అని పరాయి మార్కెట్లోకి వెళ్ళే దారులు పుస్తకంలో ఎలా ఉన్నాయో అలాగే చదువు, పరీక్షకి అది చాలు. దేశాల సంస్కృతుల్ని అంకెల్లో కొలిచే హాఫ్‌స్టెడ్ స్కోర్లని మాత్రం నెత్తిన పెట్టుకోకు. ఐబీఎం ఉద్యోగుల్ని అడిగిన సర్వేలోంచి మొదలైన లెక్కలవి, అదీ దేశం మొత్తానికి సగటు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కిరాణా కొట్టుకొచ్చిన తెలుగావిడ ఏ సీసా తీస్తుందో అవి చెప్పవు.

మార్కెట్ సైజు దగ్గర మీరు రాసింది చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అమెరికాలో భారతీయులు ఇంతమంది, తలా నెలకో సీసా, కాబట్టి ఇన్ని కోట్లు. పంజాబీలూ గుజరాతీలూ మన ఆవపిండి ఘాటుకి నెలనెలా క్యూ కడతారా? అమెరికా సెన్సస్ వాళ్ళు ఏటా చేసే సర్వేలో ఇంట్లో మాట్లాడే భాష అడుగుతారు, తెలుగుకి విడిగా లెక్క ఉంటుంది. రాష్ట్రాలవారీగా అది తీసి టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాలతో మొదలుపెట్టు. పోటీదారుల పట్టికలో రెండు బ్రాండ్లే వేశారు. అసలు పోటీ అత్తగారి సూట్‌కేసుతో. వేసవిలో పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే ప్రతి అమ్మా రెండు మూడు కిలోలు డబ్బాలో సర్దుకెళుతుంది. దాని ధర సున్నా, నమ్మకం నూటికి నూరు. ఆ ఇంట్లో నీ సీసా ఏ నెలలో ఖాళీ చోటు చూసుకుంటుందో ఆలోచించు.

తర్వాత హెచ్‌ఎస్ కోడు, అంటే సుంకం లెక్కకి ప్రతి సరుకుకీ ఇచ్చే అంతర్జాతీయ నంబరు. మీరు 2001 వేశారు. ఆ శీర్షిక వెనిగరుతో గానీ ఎసిటిక్ ఆమ్లంతో గానీ తయారైన, నిల్వచేసిన కూరగాయలకీ పండ్లకీ. మన ఆవకాయలో వెనిగరు ఎక్కడుంది? కాబట్టి 2008 కూడా చూడాలి, సుంకం మారిపోవచ్చు. అమెరికా కస్టమ్స్ వాళ్ళు ఇలాంటి సరుకుల మీద ఇచ్చిన పాత రూలింగులు నెట్లో ఉచితంగా దొరుకుతాయి, ఒక పూట కూర్చుని వెతుకు. పైగా 2001 మొత్తం అంకె వేసుకుంటే కర్ణాటక, తమిళనాడుల నుంచి వెళ్ళే గెర్కిన్లు, అదే చిట్టి దోసకాయలు, కూడా అందులో కలుస్తాయి. అది చూసి ఆవకాయకి అంత గిరాకీ ఉందనుకుంటే మీ ఖర్మ.

ధర. ఇక్కడ కాస్త నిదానించు. అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే. అర కిలో సీసా ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర 120 రూపాయలు. రేవు దాకా లారీ, కస్టమ్స్ ఏజెంటు, ఎక్కింపు 8. అంటే ఎఫ్‌ఓబీ, ఓడెక్కేదాకా అయిన ధర, 128. ఓడ కిరాయి, బీమా 15, అవీ కలిపితే సీఐఎఫ్ 143. సుంకం 10 శాతం అనుకుంటే, అమెరికా దాన్ని మామూలుగా ఎఫ్‌ఓబీ విలువ మీద వేస్తుంది, యూరప్ సీఐఎఫ్ మీద వేస్తుంది. కాబట్టి ఇక్కడ 128 మీద దాదాపు 13. అవతలి రేవులో బ్రోకరు, ట్రక్కు, గోడౌను 14. మొత్తం 170కి దిగుమతిదారు చేతికి చేరింది. అతను 25 శాతం వేసుకుంటే 212.50. కొట్టువాడికి 35 శాతం మార్జిన్ కావాలి. మీ గ్రూపు ఇక్కడే 212.50ని 1.35తో హెచ్చవేసి 287 అని రాసింది. మార్జిన్ అంటే అమ్మే ధరలో వాటా, కొన్న ధర మీద వేసేది కాదు. 0.65తో భాగించాలి, 327 వస్తుంది. ఒక్క సీసాకి నలభై రూపాయల తేడా! ఇంకొకటి చూడు. నువ్వు మంచి మూత కోసం ఫ్యాక్టరీలో పది రూపాయలు పెంచితే, అదే మెట్లెక్కి షెల్ఫు మీద ఇరవై ఒకటి అవుతుంది. మూత ఎంచుకునేటప్పుడు ఈ లెక్క పక్కన పెట్టుకో. సుంకాలు ఈమధ్య తరచు మారుతున్నాయి, ప్రాజెక్టు సమర్పించే వారం మళ్ళీ చూసుకో.

ఇక నా అసలు భయం దగ్గరికి వస్తాను. మీ స్లైడులో "కంటికి నచ్చే ఎరుపే మా ప్రత్యేకత" అని ఉంది. ఆ వాక్యం చదివాక ఊరుకోలేకపోయాను. మీ తరానికి తెలియదు. 2003లో ఫ్రాన్సులో, మన దేశం నుంచి వెళ్ళిన కారం ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే రంగు బయటపడింది. మైనానికీ పాలిష్‌లకీ వాడే రంగు అది, నూనెలో కరుగుతుంది, తిండిలో నిషిద్ధం. ఆ ఏడాది జూన్‌లో యూరోపియన్ యూనియన్, పరీక్ష రిపోర్టు లేనిదే మిర్చి సరుకుని లోపలికి రానివ్వబోమని చెప్పింది. గుంటూరులో అప్పట్లో మిర్చి మాటెత్తితే ముందు సూడాన్ మాటే వచ్చేది.

అంతటితో ఆగిందా? 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో మళ్ళీ పేలింది. 2002లో వచ్చిన కారప్పొడి ఒక వూస్టర్ సాసులోకి వెళ్ళింది. ఆ సాసు సూపుల్లోకీ, సిద్ధంగా వండి అమ్మే భోజనాల్లోకీ, ఇంకా ఎన్నిటిలోకో వెళ్ళింది. 400కి పైగా సరుకుల్ని అల్మారాల్లోంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. కొన్నవాడికి తన గిన్నెలో మిర్చి ఉందన్న సంగతే తెలియదు. మూడేళ్ళ కిందటి బస్తా!

ఎవరు కలిపారన్నది పోలీసుల పని. ఎందుకు కలపాలనిపించింది అన్నది నీ సబ్జెక్టు. మిరపకాయ ఎర్రదనానికి ఆస్టా అని ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగితే ధర పెరుగుతుంది. కానీ వెలుతురు, వేడి, గాలి తగిలితే ఆ రంగు నిలవదు, కాయల్ని కోల్డ్ స్టోరేజీల్లో పెట్టేది అందుకే. తాలు కాయలో రంగు ముందే ఉండదు. కొనేవాడు రంగుకే డబ్బిస్తానంటే, అమ్మేవాళ్ళలో ఎవడో ఒకడు రంగునే తెచ్చి కలుపుతాడు. రుచి, ఘాటు, ఏ ఊరి కాయ, ఎవరు ఆరబెట్టారు అనేవి ధరలోకి రాకుండా ఒక్క అంకెని మార్కెట్ నెత్తిన పెట్టుకుంటే జరిగేది అదే. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వపు స్పైసెస్ బోర్డు మిర్చి ఎగుమతికి పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ ఖర్చూ, ఆ ఆలస్యమూ ఏ పాపం తెలియనివాళ్ళు కూడా మోయాల్సి వచ్చింది. ఎరుపుని నీ బ్రాండు మాటగా పెట్టుకున్న రోజున నీకు కారం సరఫరా చేసేవాడి మీద ఎలాంటి ఒత్తిడి పెడుతున్నావో చూశావా? ఆ వాక్యం కొట్టెయ్.

దాని బదులు ఒక స్లైడు వెయ్యి. సీసా మీది బ్యాచి నంబరు పట్టుకుంటే ఏ కారం బస్తా దాకా వెళ్ళగలమో అందులో ఉండాలి. ప్రతి లాటుకీ సూడాన్, అఫ్లటాక్సిన్ రిపోర్టు. అఫ్లటాక్సిన్ అంటే సరిగా ఆరని కాయల మీద పట్టే బూజు విషం. అమెరికా హద్దు కిలోకి 20 మైక్రోగ్రాములు, యూరప్‌లో మసాలాలకి మొత్తం 10, అందులో బీ1 రకం 5. ప్రతి బ్యాచి నుంచి ఒక సీసా, గడువు తీరేదాకా దాచాలి. అమెరికా చట్టంలో విదేశీ సరఫరాదారుని సరిచూసే బాధ్యత దిగుమతిదారుదే, కాబట్టి నీ మొదటి కస్టమరు ఈ కాగితాలు అడిగే మనిషి. తినేవాళ్ళు ఆ తర్వాతే.

లేబుల్‌కి వస్తాను. మీరు ఏ నూనె రాశారు? నువ్వుల నూనె అయితే, 2023 జనవరి నుంచి అమెరికాలో నువ్వులు ప్రధాన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోది, గానుగ నూనెకి మినహాయింపు లేదు, స్పష్టంగా రాయాలి. ఆవాలు అక్కడి జాబితాలో లేవు. కానీ కెనడాలోనూ యూరప్‌లోనూ ఉన్నాయి. "తర్వాతి దశలో కెనడా" అని చివరి స్లైడులో వేశారుగా, ఈ లేబులు అక్కడ పనికిరాదు. ఇంకోటి, "ఆరోగ్యకరం" అన్నారు. పచ్చళ్ళకి సర్వింగు, అంటే లేబుల్ లెక్కకి ఒకసారి తినే మోతాదు, 30 గ్రాములు. ఉప్పు 12 శాతం ఉందనుకో, సర్వింగుకి 3.6 గ్రాముల ఉప్పు, అంటే సోడియం దాదాపు 1,400 మిల్లీగ్రాములు. రోజుకి 2,300 లెక్కన 60 శాతం దాటి లేబుల్ మీద నల్లటి అచ్చులో కనిపిస్తుంది. దాని పక్కనే ఆ మాట పెట్టుకుంటావా?

మామిడికాయ పుట్టుకతోనే పులుపు కాబట్టి కొంత నయం. దోసావకాయ, కాకరకాయ పచ్చడి కూడా పెడదామని మీవాళ్ళలో ఎవరో అన్నారట. పులుపు లేని కూరగాయకి చింతపండో నిమ్మరసమో కలిపి పీహెచ్‌ని, అంటే పులుపు కొలతని, 4.6కి దించితే అది అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర వేరే వర్గం, తయారీ పద్ధతిని ముందుగా దాఖలు చెయ్యాలి. కోడి పచ్చడి ఊసెత్తకు. అమెరికాకి కోడి, మాంసం పంపే అర్హత ఉన్న దేశాల్లో మనం లేము.

వైవాలో తప్పకుండా అడిగేది ఇంకోటుంది. సీఐఎఫ్‌లో కిరాయి, బీమా మనమే కడతాం కదా అని, సరుకు న్యూయార్క్ చేరేదాకా రిస్కు మనదే అంటారు పిల్లలు. కాదు. సరుకు మన రేవులో ఓడెక్కగానే రిస్కు కొన్నవాడిదే. సీఐఎఫ్‌లో మనం తీయాల్సిన బీమా కూడా కనీసపు రకమే, నూనె కారి పెట్టెలు పాడైతే దాంట్లో రాదు. గాజు సీసాలు పంపేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

తిట్టానని మొహం ముడుచుకోకు. నీకు లెక్క వస్తుందని తెలుసు కాబట్టే ఇంత రాశాను. రాత్రుళ్ళు మేలుకుని స్లైడ్లు దిద్దకు, భోజనం మానకు. లేబుల్ కొత్తది చేశాక నాకు వాట్సాప్ చెయ్యి. ఫొటో తీసి కాదు, పీడీఎఫ్ పంపు. సీసా మీద ముందువైపు అడుగున బరువు ఔన్సుల్లో, గ్రాముల్లో రెండూ ఉండాలి, నేను చూసేది ముందు అదే.

మీ మేనత్త