శరీర రాజకీయాలా, దేహ రాజకీయాలా?

సందేహం: స్త్రీవాదం, బాడీ పాలిటిక్స్ మీద జీవితమంతా పనిచేసిన బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త ఆన్ ఓక్లీ గురించి వ్యాసం రాస్తున్నాను. మొదటి పేజీ జతచేశాను. బాడీ పాలిటిక్స్‌ను తెలుగులో శరీర రాజకీయాలు అనాలా, దేహ రాజకీయాలు అనాలా? ఆమెను 'శాస్త్రవేత్త్రి' అనాలని ఒకరు దిద్దారు. అది సరైనదేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ దిద్దుబాటు సంగతి. వేత్తకు సంస్కృతంలో స్త్రీలింగరూపం వేత్త్రి ఉంది, నిజమే. తెలుగు రచయిత్రిని తీసుకుంది గానీ వేత్త్రిని తీసుకోలేదు. విద్యావేత్త అంటే ఆడా మగా ఇద్దరూ వస్తారు. శాస్త్రవేత్త అనే ఉంచండి. స్త్రీవాది కూడా అంతే. కానీ మీ పేజీలో మగ పరిశోధకులు 'అన్నారు', ఓక్లీ మాత్రం 'అంది'. మన ఏకవచనంలో ఆమె వచ్చినా, బస్సు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. ఇలాంటి వ్యాసంలో ఆ తేడా కళ్లకు కొడుతుంది. అందరికీ 'అన్నారు' అని రాయండి.

ఇక అసలు మాట. రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ తప్పు కాదు. నేనైతే శరీరం వైపు మొగ్గుతాను. దేహం అనగానే ఆత్మ గుర్తొస్తుంది, లేదంటే పార్థివదేహం. ఓక్లీ పరిశోధించింది గర్భం, కాన్పు, ఆసుపత్రిలో డాక్టర్ల చేతికి వెళ్లిన ప్రాణమున్న ఒళ్లు. 'శారీరక రాజకీయాలు' మాత్రం వద్దు. శారీరక శ్రమలాగా, ఒంటితో చేసే రాజకీయం అన్న అర్థం వస్తుంది. రాజకీయాలంటే చాలామందికి పార్టీలు, ఎన్నికలే కాబట్టి మొదటిసారి వాడినచోట 'ఈ శరీరం మీద ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్న' అని ఒక్క ముక్క చేర్చండి.

సమాసానికి ఒదగదు గానీ, వ్యాసం లోపల 'ఒళ్లు'ను వదలకండి. 'ఒళ్లు దగ్గర పెట్టుకో' అన్నది హెచ్చరిక. 'బాగా ఒళ్లు చేసింది' అన్నది తీర్పు. 'ఒళ్లు దాచుకోకుండా చేస్తుంది' అన్నది మెప్పు. మూడింటిలోనూ ఒళ్లు ఒకరిది, మాట ఇంకొకరిది. మీ విషయాన్ని ఇంతకంటే దగ్గరగా చూపే పదం నాకు తెలియదు.

జెండర్ అన్న మాటను తెలుగు చేయకుండా అలాగే ఉంచినందుకు సంతోషం. వ్యాకరణానికీ, పుట్టుకకూ, సమాజం నేర్పే నడవడికీ కలిపి మనకు 'లింగం' ఒక్కటే ఉంది. పుట్టుకతో వచ్చేది వేరు, సమాజం నేర్పేది వేరు అని 1972లో ఓక్లీ పుస్తకమే రాశారు. రెంటినీ ఒకే మాటతో చెబితే ఆమె వాదన అర్థం కాదు.

చివరగా ఒక వాక్యం మార్చాలి. లండన్‌లో 40 మంది గృహిణులతో మాట్లాడి, ఇంటిపనికి వారానికి సగటున 77 గంటలు పడుతోందని 1974 నాటి పుస్తకంలో ఆమె చూపారు. ఆ వివరం పక్కనే మీరు 'ఏ పనీ లేని గృహిణులు' అని రాశారు. 'జీతం లేని' అని మార్చండి.