సెటప్ పాస్‌వర్డు మరచిపోయారా?

ప్రశ్న: మా నాన్నగారు డీటీపీ పనికి వాడిన పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ విండోస్ ఎక్స్‌పీతో ఇప్పటికీ పనిచేస్తోంది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కిద్దామని సెటప్‌లోకి (విండోస్ మొదలవక ముందే తెరుచుకునే కంప్యూటర్ అమరికల తెరలోకి) వెళ్లబోతే పాస్‌వర్డు అడుగుతోంది. అది ఎవరికీ గుర్తు లేదు. నాన్నగారి పేజ్‌మేకర్ ఫైళ్లు పోకుండా దారి చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాస్‌వర్డు తీసేసినంత మాత్రాన ఫైళ్లకు ఏమీ కాదు. అది హార్డ్ డిస్కులో ఉండదు. 1984 నాటి ఐబీఎం పీసీ-ఏటీలో గడియారం చిప్పుతోపాటే 64 బైట్ల మెమరీ ఉండేది. కరెంటు లేనప్పుడు దాన్ని బ్యాటరీ కాపాడేది. ఆ ఏర్పాటే తరువాతి డెస్క్‌టాప్‌లకూ వచ్చింది, మీ పాస్‌వర్డు కూడా సాధారణంగా అక్కడే ఉంటుంది. ఫైళ్లకు అసలు ప్రమాదం లినక్స్ ఎక్కించేటప్పుడు డిస్కు మొత్తం చెరిపే ఎంపికను నొక్కడంలో ఉంది. విండోస్ తెరుచుకుంటోంది కనుక ఫైళ్లతోపాటు నాన్నగారు వాడిన తెలుగు ఫాంట్లను కూడా ఈరోజే వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ ఫాంట్లు లేకపోతే ఫైలు తెరుచుకున్నా అక్షరాలు చదవడానికి రావు.

తరువాత, స్విచ్ కట్టేసి ఊరుకోకుండా, కరెంటు తీగను వెనకనుంచి పూర్తిగా పీకేయండి. తీగ ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకు 5 వోల్టుల విద్యుత్తు అందుతూనే ఉంటుంది. పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, పక్క మూత విప్పి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి. రూపాయి బిళ్లలా మెరిసే సెల్లు చుట్టుపక్కల మూడు పిన్నులు, వాటిలో రెండింటిని కప్పిన చిన్న ప్లాస్టిక్ టోపీ కనిపిస్తాయి. దీన్నే జంపర్ అంటారు. పక్కన సీఎల్ఆర్‌టీసీ అనో, క్లియర్ సీమాస్ (సీమాస్ అంటే పైన చెప్పిన ఆ చిన్న మెమరీయే) అనో ఇంగ్లిషు పొడి అక్షరాల్లో రాసి ఉంటుంది. టోపీ 1, 2 పిన్నుల మీద ఉంటే దాన్ని 2, 3 పిన్నుల మీదకు మార్చి, పది సెకన్లు ఆగి, మళ్లీ మొదటి చోటే పెట్టండి. టోపీ తిరిగి పెట్టకుండా కరెంటు ఇవ్వకూడదు. జంపర్ కనిపించకపోతే సెల్లు పక్కన ఉన్న క్లిప్పును గోటితో నొక్కి సెల్లును తీసి, అరగంట ఆగండి. ఎటూ తీశారు కనుక కొత్త సీఆర్ 2032 సెల్లు వేయడం మేలు. ప్లస్ గుర్తు పైకి ఉండాలి.

డెల్ ఆప్టిప్లెక్స్ వంటి కంప్యూటర్లలో పాస్‌వర్డుకు విడిగా పీఎస్‌డబ్ల్యూడీ అనే జంపర్ ఉంటుంది. వాటిలో సెల్లు తీసినా పని జరగదు. చాలా ల్యాప్‌టాప్‌లలోనైతే పాస్‌వర్డు బ్యాటరీ అవసరం లేని వేరే చిప్పులో ఉంటుంది కనుక ఈ పద్ధతి పనికిరాదు. కొన్న బిల్లుతో కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళ్లవలసిందే.

మళ్లీ ఆన్ చేయగానే చెక్‌సమ్ ఎర్రర్ అని వస్తే కంగారుపడకండి, ఆ మెమరీలోని అమరికలు చెరిగాయని దాని అర్థం. తెర మీద సూచించిన కీ నొక్కి సెటప్‌లోకి వెళ్లి, తేదీ సరిచేయండి. ఎక్స్‌పీ నీలం తెరతో, చివర 7బి ఉన్న సంఖ్యతో ఆగిపోతే డిస్కు పాడైందనుకోవద్దు: చాలావరకు అది డిస్కు మోడ్ (డిస్కుతో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) పాతదైన ఐడీఈ నుంచి కొత్తదైన ఏహెచ్‌సీఐకి మారినందువల్ల జరుగుతుంది. సెటప్‌లో దాన్ని తిరిగి ఐడీఈ చేయండి.